చిన్న బండి చిన్నతనమా?

తెల్లవారుజామున ఆరు గంటలకు బాగలూరు నుంచి హోసూరుకు వెళ్ళే రోడ్డు పక్కన ఒక పావుగంట నిలబడి చూడండి. ఒకదాని వెనుక ఒకటిగా చిన్న చిన్న మోటారు సైకిళ్ళు, మోపెడ్లు వస్తూనే ఉంటాయి. ఒక బండి మీద కార్ఖానా చొక్కా తొడుక్కున్న యువకుడు, వెనుక అతని తమ్ముడు. ఇంకొక దాని మీద గులాబీ కట్టలను గోనెపట్టాలో చుట్టి కట్టుకున్న రైతు. మరొక దానికి రెండు వైపులా పాల క్యాన్లు. వేరొక మోపెడ్ మీద టిఫిను క్యారియరు తగిలించుకొని, చీర కొంగు బిగించి దోపుకొని, ఒక తల్లి బట్టలు కుట్టే కంపెనీకి వెళుతుంటుంది. చలికాలమైతే అందరి చెవులకూ మఫ్లర్లు ఉంటాయి. హెల్మెట్లు మాత్రం అందరికీ ఉండవు. ఆ సంగతి తరువాత చెబుతాను.

ఈ బండ్ల ఇంజన్లు చిన్నవి. ఇంజనులో పిస్టను ఒక కొస నుంచి మరొక కొసకు కదిలినప్పుడు ఎంత చోటును ఊడుస్తుందో ఘన సెంటీమీటర్లలో కొలుస్తారు. దానినే మనం సీసీ అంటాము. పనికి వెళ్ళేవారి బండ్లు చాలావరకు 100 నుంచి 125 సీసీ లోపువే. నేడు 200, 350 సీసీ బండ్లు కూడా మన వీధుల్లో తిరుగుతున్నాయి. వాటి ముందు ఈ చిన్న బండ్లు చులకనైపోయాయి. ఆ చులకన తప్పని నా అభిప్రాయం. ఇది కేవలం బండ్ల మీద చులకన కాదు, వాటి మీద కూర్చుని పనికి వెళ్ళే మనుషుల మీద చులకన.

ఇది నాకు ఎలా తెలిసిందో చెబుతాను. మా ఊరు బాగలూరుకు ఆవల ఉంది. హోసూరు పారిశ్రామికవాడలో నేను పనిచేసిన చోటుకు మా ఇంటి నుంచి పద్దెనిమిది కిలోమీటర్లు. ముప్పై ఏళ్ళకు పైగా ఆ దూరాన్ని రోజూ రెండుసార్లు కొలిచాను. 2004లో మా అబ్బాయి తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. ఉదయం షిఫ్టు లేని రోజుల్లో వాడిని నా బండి మీద బడి దగ్గర దించేవాడిని. ఒకరోజు బడికి ఇంకా రెండు వందల గజాలు ఉందనగా, వాడు నా భుజం తట్టి, “ఈడే నిలుపు నాయనా, నడిచిపోతాను” అన్నాడు. మరునాడూ అంతే. మూడోనాడు, “ఎందుకురా?” అని అడిగాను. వాడు తల వంచుకున్నాడు. వాడి స్నేహితుల నాన్నలకు పెద్ద బండ్లు ఉన్నాయి. మా బండి శబ్దం విని పిల్లలు నవ్వుతారట.

నాకు కోపం రాలేదు. కాని ఆ రోజు మరమీద నిలబడి పనిచేస్తున్నంతసేపూ ఆ మాటే తలలో తిరిగింది. ఆ బండి మా ఇంటికి ఏం చేసిందో వాడికి నేనెప్పుడూ చెప్పలేదు. చెప్పనిది వాడికి ఎలా తెలుస్తుంది? అందుకే ఈ వ్యాసంలో మీకు చెబుతున్నాను.

నేను 1987లో పనికి చేరాను. అప్పుడు మా ఊరికి రోజుకు నాలుగే బస్సులు. ఉదయం షిఫ్టు ఆరున్నరకు మొదలవుతుంది. తొలి బస్సు సమయానికి వస్తే సరే, రాకపోతే బాగలూరు దాకా నడిచి ఇంకొక బస్సు పట్టుకోవాలి. పదిహేను నిమిషాలు ఆలస్యమైతే మా కార్ఖానాలో సగం పూట జీతం కోసేవారు. రాత్రి పదిన్నరకు షిఫ్టు దిగితే బస్సే లేదు. నాలాంటివాళ్ళం గేటు పక్కన షెడ్డులో అట్టముక్కలు పరచుకొని పడుకొని, తెల్లవారి బస్సుకు ఇంటికి వెళ్ళేవాళ్ళం. కొందరు సైకిలు తొక్కేవారు. పద్దెనిమిది కిలోమీటర్లు తొక్కి, ఎనిమిది గంటలు నిలబడి పనిచేసి, మళ్ళీ పద్దెనిమిది కిలోమీటర్లు తొక్కడం ఎంత కష్టమో ఊహించండి. పట్టణంలో గది తీసుకుందామంటే అద్దె కట్టే స్తోమత లేదు. పైగా ఊళ్ళో అమ్మా నాన్నా, రెండు ఎకరాల రాగి చేను ఉన్నాయి.

1989లో ఒక పాత మోపెడ్ కొన్నాను. అది 50 సీసీ బండి. నలభై దాటితే ఒళ్ళంతా వణికేది. పెట్రోలులో నూనె కలిపి పోయాలి. చలికి మొండికేస్తే పెడళ్ళు తొక్కి లేపాలి. అయినా ఆ బండి వచ్చిన తరువాత రాత్రి షిఫ్టు దిగి నా ఇంట్లో నేను పడుకున్నాను. ఉదయం లేచి చేనుకు నీళ్ళు కట్టి పనికి వెళ్ళగలిగాను. మా నాయనకు జ్వరం వస్తే అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకుపోయాను. ఊరు విడవకుండా కార్ఖానా జీతం తెచ్చుకున్నాను. పిల్లలు తాత దగ్గర, అవ్వ దగ్గర తెలుగు మాటలు వింటూ పెరిగారు. ఇదంతా ఆ 50 సీసీ ఇంజను చలవే.

ఈ చిన్న బండ్ల చరిత్రలో మన హోసూరుకు కూడా చోటుంది. ఇద్దరు కూర్చుని వెళ్ళగలిగే తొలి భారతీయ మోపెడ్ టీవీఎస్ 50. అది 1980లో హోసూరు కార్ఖానా నుంచే బయటికి వచ్చింది. 1973లో ప్రపంచమంతటా చమురు ధర ఒక్కసారిగా పెరిగిన తరువాత, తక్కువ పెట్రోలు తాగే బండ్లకు గిరాకీ ఏర్పడింది. 1980 దశకం నడుమ జపాను కంపెనీల సహకారంతో 100 సీసీ మోటారు సైకిళ్ళు మన దేశంలో తయారు కావడం మొదలైంది. 1984లో ఇండ్ సుజుకి, 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చాయి. ఈ హీరో హోండాది ఫోర్ స్ట్రోక్ ఇంజను. పెట్రోలులో నూనె కలపనక్కరలేదు, పొగ తక్కువ, లీటరుకు ఎక్కువ దూరం పోతుంది. అంతవరకు మోటారు సైకిలంటే ఊళ్ళో ఒకరిద్దరు పెద్దలకే ఉండేది. ఆ తరువాత గుమాస్తాలు, ఉపాధ్యాయులు, మరమగ్గం కార్మికులు కూడా వాయిదాల మీద కొనుక్కున్నారు. 2020 ఏప్రిల్ నుంచి అమలైన భారత్ స్టేజ్ 6 నియమాల వల్ల కొత్త బండ్ల పొగ మరింత తగ్గింది. నేడు ఇదే కృష్ణగిరి జిల్లాలో విద్యుత్తుతో నడిచే స్కూటర్లు కూడా తయారవుతున్నాయి.

మీరు హోసూరులోనే ఉండనక్కరలేదు. సోలాపూరులో మరమగ్గాల కార్ఖానాకు, బళ్ళారిలో జీన్సు ప్యాంట్లు కుట్టే షెడ్డుకు, బరంపురంలో బజారు దుకాణానికి పొద్దున్నే బయలుదేరే మన తెలుగువారిని చూడండి. చాలామంది కింద ఉండేది ఈ చిన్న బండే.

ఇక పెద్ద బండి మాట. పెద్ద ఇంజను వద్దని నేను అనడం లేదు. ఇద్దరితో ఘాటు ఎక్కేటప్పుడు, జాతీయ రహదారి మీద రోజంతా ప్రయాణం చేసేటప్పుడు దాని బలం అక్కరకు వస్తుంది. బరువైన బండి ఎదురుగాలికి తొణకదు. కొందరికి అది సరదా కూడా. సంపాదించుకున్నవారు సరదా తీర్చుకుంటే మనకేమి? అయితే రోజూ పనికి వెళ్ళడానికి ఏది కావాలనేది వేరే ప్రశ్న. దానికి జవాబు లెక్కలో ఉంది.

ఇంటి నుంచి పనికి పద్దెనిమిది కిలోమీటర్లు, రానూపోనూ ముప్పై ఆరు. నెలకు ఇరవై అయిదు పనిదినాలు అనుకుంటే తొమ్మిది వందల కిలోమీటర్లు. లీటరుకు అరవై కిలోమీటర్లు ఇచ్చే చిన్న బండికి పదిహేను లీటర్ల పెట్రోలు చాలు. లీటరుకు ముప్పై ఇచ్చే పెద్ద బండికి ముప్పై లీటర్లు కావాలి. లీటరు వంద రూపాయలు అనుకుంటే నెలకు తేడా పదిహేను వందలు, ఏడాదికి పద్దెనిమిది వేలు. బండి ధరలో తేడా, టైర్లలో తేడా, మరమ్మతులో తేడా దీనికి అదనం. నెలకు పదిహేను, ఇరవై వేలు తెచ్చుకునే ఇంట్లో పద్దెనిమిది వేలంటే ఒక నెల జీతం. ఆ డబ్బుతో ఒక బిడ్డ చదువు నడుస్తుంది.

మరి సమయం కలిసి వస్తుందా? నా రోడ్డు మీద బర్రెలు అడ్డం వస్తాయి, రాగి కుప్పలు ఆరబోసి ఉంటాయి, సంత రోజున మనుషులు, బడి దగ్గర పిల్లలు. నలభై, నలభై అయిదుకు మించి పోవడానికి చోటే లేదు. ఏడెనిమిది అశ్వశక్తి ఉన్న 100 సీసీ ఇంజను ఆ వేగానికి సరిపోయి మిగులుతుంది. పెద్ద బండి వాడు నన్ను దాటి పోతాడు. పట్టణం మొదట్లో సిగ్నలు దగ్గర మళ్ళీ ఇద్దరం పక్కపక్కనే నిలబడతాము. కాబట్టి పని కోసమైతే చిన్న బండి పేదవాడి సర్దుబాటు కాదు. అది తెలివైన ఎంపిక.

అయితే చిన్న బండిని చులకనగా చూసే దోషం ఇతరులకే కాదు, దాన్ని నడిపే మాకు కూడా ఉంది. “చిన్న బండే కదా, దగ్గరే కదా, మెల్లగానే పోతున్నాను కదా” అని హెల్మెట్టును అద్దానికో మోచేతికో తగిలించుకుంటాము. ఇంజను చిన్నదైతే తల చిన్నదవుతుందా? మాతో లేత్ మీద పనిచేసిన ఒక మిత్రుడు ఒక సాయంత్రం అలాగే వెళుతున్నాడు. వేగం ముప్పై అయిదు కూడా లేదు. చీకట్లో కుక్క అడ్డం వచ్చింది. బండికి గీతలు పడ్డాయి, అంతే. హెల్మెట్టు అద్దానికే వేలాడుతూ ఉంది, దానికి ఒక్క గీత లేదు. ఆయన మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నాడు. ప్రాణం దక్కింది. కుడిచేయి మాత్రం పట్టు తప్పింది. వెంట్రుకవాసి తేడా లేకుండా ఇనుమును కోసిన చేయి, ఆ తరువాత గ్లాసు కూడా పట్టుకోలేకపోయింది. ఆయన భార్య అదే మోపెడ్ నేర్చుకొని గులాబీ తోటలో పనికి వెళ్ళడం మొదలుపెట్టింది. గడప దాటకముందే ఆమె హెల్మెట్టు పట్టీ బిగిస్తుంది. ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు.

లెక్కలు కూడా ఇదే చెబుతున్నాయి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో నూటికి నలభై నాలుగు మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్ళినవారే. మంచి హెల్మెట్టు ధరిస్తే మరణించే ప్రమాదం నూటికి సుమారు 42 వంతులు, తలకు గాయమయ్యే ప్రమాదం నూటికి సుమారు 69 వంతులు తగ్గుతాయని అనేక దేశాల పరిశోధనలను పోల్చి చూసినవారు 2008లో తేల్చారు. వేగం సంగతి మీ భౌతికశాస్త్ర పాఠంలోనే ఉంది. వేగం రెట్టింపైతే గతిశక్తి నాలుగు రెట్లు అవుతుంది. అరవైలో తగిలే దెబ్బ ముప్పైలో తగిలే దెబ్బకు రెండింతలు కాదు, నాలుగింతలు.

చట్టం కూడా స్పష్టంగా ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం బండి నడిపేవారు, వెనుక కూర్చున్నవారు ఇద్దరూ హెల్మెట్టు ధరించాలి. 2019 సవరణతో ఇది నాలుగేళ్ళు దాటిన పిల్లలకు కూడా వర్తిస్తుంది. 2021 జూన్ 1 నుంచి ఐ.ఎస్.ఐ. గుర్తు లేని హెల్మెట్టును తయారు చేయడం, అమ్మడం నేరం. రోడ్డు పక్కన చవకగా దొరికే టోపీలాంటిది పోలీసును తప్పించుకోవడానికి పనికి వస్తుందేమో గాని, తలను కాపాడదు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ వరకు ఉన్న కొత్త బండ్లకు రెండు చక్రాలనూ ఒకేసారి ఆపే బ్రేకు గాని, చక్రం బిగుసుకుపోకుండా చూసే బ్రేకు గాని తప్పనిసరి చేశారు. చిన్న బండి మీద వెళ్ళేవారి ప్రాణానికి చట్టం ఇచ్చిన విలువ ఇది. ఆ విలువను మనం తగ్గించుకోరాదు.

మీలో కొందరు ఇప్పటికే దొంగచాటుగా బండి నడుపుతున్నారని నాకు తెలుసు. 100 సీసీ బండి నడపడానికి పద్దెనిమిది ఏళ్ళు నిండి, లైసెన్సు ఉండాలి. లేకుండా నడిపి పట్టుబడితే శిక్ష మీతో ఆగదు. బండి ఇచ్చిన తల్లిదండ్రులకు ఇరవై అయిదు వేల రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు ఉంటాయి, పన్నెండు నెలలు బండి రిజిస్ట్రేషను రద్దవుతుంది. పని చేసి ఇల్లు నడిపే బండి ఏడాది పాటు మూలన పడితే ఆ ఇంటి గతి ఏమిటో ఆలోచించండి.

బాధ్యత అంతా బండి నడిపేవారిదే అని చెప్పి తప్పించుకోవడం కూడా న్యాయం కాదు. మన రోడ్లు లారీలను, కార్లను దృష్టిలో పెట్టుకొని వేసినవి. వాటి అంచున, గులకరాళ్ళ మీద, గుంతల్లో, చిన్న బండ్లు సర్దుకొని పోవాలి. కారు చక్రం దాటిపోయే గుంత చిన్న బండిని పడదోస్తుంది. కార్ఖానాలకు నీళ్ళు, కరెంటు ఇచ్చినట్టే, కార్మికులు వచ్చే దారికి దీపాలు, చదునైన అంచు, ప్రమాదకరమైన కూడలి దగ్గర వేగనిరోధకం ఇవ్వడం కూడా ప్రభుత్వ బాధ్యతే. షిఫ్టు మారే వేళలకు బస్సులు నడపాలి. “అందరికీ బండ్లున్నాయి కదా” అని బస్సు తగ్గించడం తప్పు. బండి కొనలేనివారు, నడపలేనివారు, గర్భిణులు, వయసు మళ్ళినవారు కూడా పనికి వెళ్ళాలి. బండి ఉన్నవాడికి కూడా జోరువానలో బస్సే మేలు. ఈ కోరికలు గ్రామసభలో అడగండి, అడగమని పెద్దలకు చెప్పండి. చిన్న బండి మీద వెళ్ళేవారు ఈ రోడ్ల మీద కొద్దిమంది కాదు, ఎక్కువమంది. ఎక్కువమంది అడిగితే వినక తప్పదు.

మా అబ్బాయి విషయానికి వస్తాను. ఆ ఏడు వేసవి సెలవుల్లో ఒకసారి వాడిని ఉదయం షిఫ్టుకు నా వెంట తీసుకుపోయాను. నాలుగున్నరకు లేపాను. వాళ్ళమ్మ ఇద్దరికీ రాగిసంకటి కట్టి ఇచ్చింది. మంచులో, చీకట్లో, వాడు నా వెనుక ముడుచుకొని కూర్చున్నాడు. గేటు దగ్గర ఆగినప్పుడు అటూ ఇటూ చూశాడు. స్టాండులో వరుసగా వందల బండ్లు. అన్నీ నా బండిలాంటివే. వాడు ఏమీ అనలేదు. నేనూ ఏమీ చెప్పలేదు. సెలవులయ్యాక బడి మలుపు దగ్గర నేను అలవాటుగా బండి నిలిపాను. “ఇంకా ముందుకు పో నాయనా” అన్నాడు.

పిల్లలూ, ఈ రాత్రి మీ ఇంటి బండి ఇంటికి వచ్చాక దాన్ని ఒకసారి పరీక్షగా చూడండి. టైరు గీతలు అరిగాయా? వెనుక దీపం వెలుగుతోందా? హెల్మెట్టు పట్టీకి గుండీ సరిగా ఉందా? లేకపోతే ఇంట్లో చెప్పండి. మీరు చెబితే వారు కాదనరు. ఇక రేపు ఉదయం మీ నాన్నో, అమ్మో, అన్నో మిమ్మల్ని బండి మీద దించడానికి వస్తే, మలుపు దగ్గర ఆపమనకండి. బడి గేటు దాకా రమ్మనండి.